రాక్‌స్టెడీ కొత్తగా వింటున్నారా? గాయకుణ్ణి కాదు, స్టూడియోని చూసి ఎంచుకోండి

రాక్‌స్టెడీ ఆయుష్షు చాలా తక్కువ. 1966లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో స్కా అనే హుషారైన నాట్య సంగీతం వేగం తగ్గి పుట్టింది, 1968 ముగిసేలోపే రెగ్గేగా మారిపోయింది. ఆ కాస్త కాలంలో వచ్చినవి దాదాపు అన్నీ సింగిల్సే. ఒక్కో పాట రెండున్నర నుంచి మూడు నిమిషాలు, నిమిషానికి 45 సార్లు తిరిగే 7 అంగుళాల రికార్డు మీద, మోనోలో (రెండు చెవులకీ ఒకే ధ్వని). ఎల్‌పీలు (పూర్తి ఆల్బమ్ రికార్డులు) తక్కువ, ఉన్నవాటిలోనూ చాలావరకు సింగిల్స్‌ని పోగుచేసి వేసినవే. అందువల్ల రాక్, జాజ్ వినేవాళ్ళలా "గొప్ప ఆల్బమ్ ఏది?" అని వెతకడం ఇక్కడ పనికిరాదు. సంకలనాలతో మొదలుపెట్టాలి.

అందులోనూ గాయకుడి పేరుతో వచ్చే "బెస్ట్ ఆఫ్"లను కాదు, ప్రొడ్యూసర్ పేరుతో వచ్చిన వాటిని తీసుకోండి. గాయకులు ఒక ప్రొడ్యూసర్ దగ్గర నిలకడగా ఉండేవాళ్ళు కాదు. ఆల్టన్ ఎల్లిస్ డ్యూక్ రీడ్ కోసమూ పాడాడు, కాక్సన్ డాడ్ కోసమూ పాడాడు. గొంతు ఒకటే, రికార్డులు మాత్రం రెండు వేరే లోకాలు. వాయించే బృందం, గది, మైకులు, ఇంజనీరు, ప్రొడ్యూసర్ చెవి, ఇవన్నీ కలిసి ఒక్కో స్టూడియోకి ఒక్కో నాదం ఇచ్చాయి. ఆ నాదాలు గుర్తుపట్టడం వస్తే మిగతా దారి అదే దొరుకుతుంది.

ముందు వినే తీరు గురించి. ఫోన్ స్పీకర్‌లో రాక్‌స్టెడీ వినకండి. ఈ సంగీతాన్ని నడిపేది బేస్ గిటార్. దాని అట్టడుగు తీగ మోగేది సుమారు 41 హెర్ట్జ్ దగ్గర, ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. వినపడేది గొంతులూ, గిటార్ కోతలూ మాత్రమే, దాంతో పాట పలచగా, ఏదో పాతకాలపు ప్రేమగీతంలా తోస్తుంది. చాలామంది మొదటి రోజే వదిలేయడానికి కారణం ఇదే. చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ అయినా, కాస్త పెద్ద స్పీకర్లయినా ఉండాలి. బేస్ బటన్ పెంచనక్కర్లేదు. పెంచితే పాత రికార్డుల్లో డ్రమ్ మసకబారిపోతుంది.

తర్వాత చెవి ఎక్కడ పెట్టాలి? నాలుగు లెక్కపెట్టండి. గిటారూ పియానో కలిసి 2, 4 మీద పొట్టిగా తెగ్గొడతాయి. డ్రమ్ బరువు 3 మీద పడుతుంది, 1 చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. బేస్ అడుగడుక్కీ మోగదు: నాలుగైదు స్వరాల ముక్క వాయించి ఆగుతుంది, మళ్ళీ అందుకుంటుంది. స్కాలో నిలువు బేస్ ఆగకుండా నడిచేది, ముందు వరసలో బాకాలు, శాక్సోఫోన్లు ఉండేవి. వేగం తగ్గేసరికి ఆ మధ్యలో చోటు పుట్టింది, ఆ చోటులోకి ఎలక్ట్రిక్ బేస్ వచ్చింది, దాని పైన మూడు గొంతులు కలిసి పాడే త్రిగళ గానం వచ్చింది. వేగం కొలిచే యాప్‌లు ఒకే పాటకు ఒకసారి 80 అనీ, ఇంకోసారి 160 అనీ చూపిస్తాయి. కంగారు పడకండి, లెక్కించే తీరులో తేడా అంతే.

ఇక మొదటి కొనుగోలు. "డ్యూక్ రీడ్స్ ట్రెజర్ చెస్ట్" అని 1992లో హార్ట్‌బీట్ సంస్థ వేసిన రెండు సీడీల సంకలనం. పాతదే తీసుకోవాల్సి వచ్చినా వెనకాడకండి. డ్యూక్ రీడ్ మాజీ పోలీసు, బాండ్ స్ట్రీట్‌లో మద్యం దుకాణం యజమాని. ఆ దుకాణం పై అంతస్తులో కట్టుకున్న స్టూడియోయే ట్రెజర్ ఐల్. టామీ మెకుక్ నాయకత్వంలో సూపర్‌సోనిక్స్ బృందం అక్కడ వాయించేది. బేస్ మీద జాకీ జాక్సన్. ట్రెజర్ ఐల్ నాదం నునుపు: గొంతులు ముందుకు, శాక్సోఫోన్ మెత్తగా వెనక్కి, ఏ వాద్యమూ ఇంకోదాన్ని తొక్కదు. రాక్‌స్టెడీ ఇంతకంటే అందంగా ఇంకెక్కడా రికార్డు కాలేదని నా గట్టి నమ్మకం.

ఈ సంకలనం దొరికినా, విడివిడిగా స్ట్రీమింగ్‌లో వెతుక్కున్నా, ట్రెజర్ ఐల్ పాటల్లో ఈ వరస పట్టుకోండి. మొదట ఆల్టన్ ఎల్లిస్ "గర్ల్ ఐవ్ గాట్ ఎ డేట్". ఇక్కడ గొంతుని పట్టించుకోకుండా బేస్ ఒక్కటే ఒకసారి వినండి, రెండోసారి మామూలుగా వినండి. తర్వాత అతనిదే "రాక్ స్టెడీ", శైలి పేరునే పాటగా కట్టినది. ఆపైన పారగాన్స్ బృందం "ఆన్ ద బీచ్", "ద టైడ్ ఈజ్ హై". రెండోది 1980లో బ్లాండీ పాడి అమెరికా, బ్రిటన్‌లలో మొదటి స్థానానికి తీసుకెళ్ళిన పాటే. అసలు రికార్డులో జాన్ హోల్ట్ గొంతు పక్కన వయొలిన్ ఉంటుంది, రాక్‌స్టెడీలో అరుదైన సంగతి. టెక్నిక్స్ "క్వీన్ మెజెస్టీ" త్రిగళ గానానికి పరాకాష్ఠ. అమెరికన్ గాయకుడు కర్టిస్ మేఫీల్డ్ రాసిన పాటని కింగ్‌స్టన్‌కి తెచ్చుకుని తమది చేసుకున్నారు. ఇంప్రెషన్స్ బృందంలో మేఫీల్డ్ పైస్థాయి పలుకు ఈ తరం జమైకన్ గాయకులందరికీ పాఠం, అది తెలిస్తే ఈ పాటల్లో మగగొంతులు అంత పైకి ఎందుకు వెళ్తాయో తెలుస్తుంది. ఫిలిస్ డిలన్ "డోంట్ స్టే అవే" తప్పనిసరి. మగవాళ్ళు నిండిన ఈ రంగంలో ఆమె గొంతు తొణక్కుండా, ఏ అలంకారమూ లేకుండా నిలబడుతుంది. చివరగా జమైకన్స్ "బా బా బూమ్", 1967 జమైకా ఫెస్టివల్ పాటల పోటీలో గెలిచినది. సంతోషంగా, తేలిగ్గా ఉంటుంది.

రెండో మెట్టు స్టూడియో వన్. కాక్సన్ డాడ్ బ్రెంట్‌ఫర్డ్ రోడ్‌లో నడిపిన ఈ చోటు నాదం ముతక. బేస్ లావుగా, ముందుకి తోసుకొస్తుంది. కొన్నిచోట్ల గొంతు కాస్త శ్రుతి తప్పినా ఆ టేక్‌నే ఉంచేశారు, ఊపు బాగుంటే చాలనుకున్నారు. కీబోర్డు మీద జాకీ మిట్టూ, బేస్ మీద హెప్టోన్స్ నాయకుడు లెరాయ్ సిబ్లెస్. రాక్‌స్టెడీ బేస్ గురించి తెలుసుకోవాలంటే సిబ్లెస్ ఒక్కడు చాలు. పాడేవాడే బేస్ వాయించడం వల్ల ఆ స్వరాలు కూడా పాడుతున్నట్టే ఉంటాయి. సోల్ జాజ్ సంస్థ వేసిన "స్టూడియో వన్ రాక్‌స్టెడీ" శుభ్రమైన ధ్వనితో, మంచి వివరాలతో వచ్చింది. ఒక్క హెచ్చరిక: సోల్, తొలినాళ్ళ రెగ్గే కూడా ఇందులో కలిసి ఉన్నాయి. అందుకే దీన్ని మొదటి కొనుగోలుగా చెప్పను, రెండోదిగా మాత్రం తప్పక చెబుతాను. స్టూడియో వన్ నుంచి విడిగా వినాల్సినవి: ఆల్టన్ ఎల్లిస్ "అయామ్ స్టిల్ ఇన్ లవ్ విత్ యూ", డెల్‌రాయ్ విల్సన్ "డాన్సింగ్ మూడ్", మార్షియా గ్రిఫిత్స్ "ఫీల్ లైక్ జంపింగ్", సౌండ్ డైమెన్షన్ వాద్యసంగీతం "రియల్ రాక్". ఈ చివరిదాని బేస్ వరస ఆ తర్వాతి దశాబ్దాల్లో లెక్కలేనన్ని జమైకన్ పాటలకు పునాది అయింది.

ఈ రెండు స్టూడియోలతోనే ఆగితే లిన్ టెయిట్ సగం తప్పిపోతాడు. ట్రినిడాడ్ నుంచి వచ్చిన గిటారిస్టు, స్టీల్‌పాన్ వాయించి పెరిగినవాడు. బేస్ వరసనే గిటార్ మీద, తీగ నొక్కిపట్టి, టకటకమని పొడిగా వాయించడం ఇతని ముద్ర. ఒకసారి గుర్తుపట్టారంటే పాట తర్వాత పాటలో అదే వినిపిస్తుంది. హోప్టన్ లూయిస్ "టేక్ ఇట్ ఈజీ"లో వినండి. ఫెడరల్ స్టూడియోలో 1966లో రికార్డయింది. మొదటి రాక్‌స్టెడీ పాట ఇదేనని చాలామంది అంటారు, రాయ్ షర్లీ "హోల్డ్ దెమ్" అనేవాళ్ళూ ఉన్నారు. ఆ వాదన తేలేది కాదు. రెండూ వినండి, రెండింటిలోనూ టెయిట్ ఉన్నాడు. డెరిక్ హారియట్ ప్రొడ్యూస్ చేసిన కీత్ అండ్ టెక్స్ "స్టాప్ దట్ ట్రెయిన్" అతని గిటార్ వల్లే నిలిచింది. సోనియా పాటింజర్ ప్రొడ్యూస్ చేసిన మెలోడియన్స్ "స్వింగ్ అండ్ డైన్" కూడా వదలకండి. ప్రొడ్యూసర్లంతా మగవాళ్ళే అయిన రోజుల్లో ఆమె తన లేబుళ్ళ మీద ఇంత చక్కటి రికార్డులు తెచ్చింది, సంకలనాల్లో ఆమెకు దక్కుతున్న చోటు ఇప్పటికీ తక్కువే. 1968లో టెయిట్ కెనడా వెళ్ళిపోయాడు. రాక్‌స్టెడీ ముగింపూ ఆ ఏడాదే.

అన్ని ప్రొడ్యూసర్లనూ ఒక్కచోట వినాలంటే ట్రోజన్ సంస్థ వేసిన "లెట్స్ డూ రాక్ స్టెడీ" రెండు సీడీలు నమ్మదగ్గవి. 1966 నుంచి 1968 వరకు కథని వరసగా చెప్పాలన్న ఉద్దేశంతో కూర్చినవి. అదే సంస్థ రాక్‌స్టెడీ బాక్స్ సెట్ 3 సీడీలు, 50 పాటలు. సరుకు ఎక్కువే, కాని ఎందుకు ఏ పాట పక్కన ఏ పాట ఉందో కొత్తవాళ్ళకి అంతుపట్టదు. నాలుగో ఐదో కొనుగోలుగా బాగుంటుంది.

ప్రేమపాటలే కాదని తెలియడానికి రూడ్ బాయ్ పాటలు కొన్ని వినాలి. స్వాతంత్ర్యం వచ్చిన నాలుగేళ్ళకి కింగ్‌స్టన్ పేటల్లో పని దొరకని కుర్రాళ్ళ కోపం ఇందులో ఉంది. డెస్మండ్ డెకర్ "007", లెస్లీ కాంగ్ ప్రొడ్యూస్ చేసినది, 1967లో బ్రిటన్ చార్టులో 14వ స్థానానికి చేరింది. డెరిక్ మోర్గన్ "టఫర్ దాన్ టఫ్"లో కుర్రాళ్ళు కోర్టులో జడ్జికి ఎదురు తిరిగి బయటపడతారు. ప్రిన్స్ బస్టర్ "జడ్జ్ డ్రెడ్"లో జడ్జి 400 ఏళ్ళ శిక్ష వేస్తాడు. ఈ రెండూ వెంటవెంటనే వింటేనే రుచి.

ఇప్పుడు పొరపాట్లు జరిగే చోట్లు, స్ట్రీమింగ్‌లో మరీ ఎక్కువ.

అన్నిటికంటే పెద్ద చిక్కు మళ్ళీ పాడిన రికార్డులు. ఈ గాయకుల్లో చాలామంది 80లలో, 90లలో తమ పాత పాటల్ని కీబోర్డులూ, మెషిన్ డ్రమ్స్‌తో మళ్ళీ పాడారు. అట్ట మీద అదే పేరు, అదే పాట, పాత ఫొటో కూడా. డాన్ పెన్ "యూ డోంట్ లవ్ మీ" వెతికితే ముందు వచ్చేది 1994 రూపం. అదీ మంచిదే, కాని 1967లో స్టూడియో వన్‌లో చేసినది వేరు. మోసపోకుండా ఉండాలంటే ప్రొడ్యూసర్ పేరు, లేబుల్ పేరు చూడండి. అవి రెండూ లేని చవక సంకలనాన్ని పక్కన పెట్టేయండి. మొదటి పది సెకన్లలో డ్రమ్ మరీ శుభ్రంగా, ఒకే బలంతో కొడుతున్నట్టు ఉంటే అది పాత రికార్డు కాదు.

రెండోది స్టీరియో. అప్పట్లో ఒకటి, రెండు ట్రాకుల మెషిన్ల మీద రికార్డు చేసేవాళ్ళు. తర్వాత స్టీరియో పేరుతో గొంతుల్ని ఒక చెవికీ, వాద్యాలని ఇంకో చెవికీ విడగొట్టి వదిలారు. హెడ్‌ఫోన్స్‌లో అది తలనొప్పి. మోనో ఉంటే మోనోయే తీసుకోండి, లేకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో ఆన్ చేయండి. స్టూడియో వన్ విషయంలో మరొకటి ఉంది: డాడ్ తన పాత రిథమ్‌ల (గొంతు లేని వాద్య ట్రాకుల) మీద తర్వాతి ఏళ్ళలో కొత్త వాద్యాలు అతికించి మళ్ళీ విడుదల చేశాడు. 1967 పాటలో సింథసైజర్ వినిపిస్తే కారణం అదే. గరగర శబ్దం మాత్రం లోపంగా లెక్కపెట్టకండి. చాలా పాటలకు మాస్టర్ టేపులు మిగల్లేదు, రికార్డు నుంచే ఎత్తి రాసుకున్నారు. ఆ గరగరని పూర్తిగా తుడిచేసిన ముద్రణల్లో డ్రమ్ అంచులు కూడా తుడిచిపెట్టుకుపోతాయి.

మూడోది, రాక్‌స్టెడీ ప్లేలిస్టుల్లో సగం తొలినాళ్ళ రెగ్గే ఉండటం. వేగం మళ్ళీ పెరిగి, ఆర్గాన్ గలగలమని దొర్లుతూ, గిటార్ ఒక్క కోతకి బదులు రెండు కోతలు కోస్తుంటే మీరు 1968 చివరికి వచ్చేసినట్టే. మేటల్స్ "డూ ద రెగ్గే" అక్కడిదే. బాగుండదని కాదు, కాని రెండూ కలిపి వింటే రాక్‌స్టెడీలోని ఆ ఖాళీ, ఆ తీరుబడి చెవికి అలవాటు కాదు.

సంకలనాలు అరిగాక ఆల్బమ్‌లు. పారగాన్స్ "ఆన్ ద బీచ్" మొదటినుంచి చివరిదాకా వినదగ్గది. మధ్యలో విహారయాత్రికుల కోసం పాడినట్టుండే ఒకటి రెండు పాటలు దాటేసినా నష్టం లేదు. "హెప్టోన్స్ ఆన్ టాప్"లో దాటేయాల్సింది ఏదీ లేదు. "ప్రెటీ లుక్స్ ఈజంట్ ఆల్", "పార్టీ టైమ్" అందులోవే. "ఆల్టన్ ఎల్లిస్ సింగ్స్ రాక్ అండ్ సోల్"లో అప్పటి విదేశీ హిట్ల అనుసరణలు చాలా ఉన్నాయి, అతని గొంతు మీద ప్రేమ కుదిరాక వినండి. ఫిలిస్ డిలన్ "వన్ లైఫ్ టు లివ్" 1972లో వచ్చింది, రాక్‌స్టెడీ దాటిన పాటలూ ఉన్నాయి, అయినా కొనాల్సిందే.

జమైకన్ డీజే యు-రాయ్ "వర్షన్ గలోర్" చివరికి ఉంచుకోండి. ట్రెజర్ ఐల్ రాక్‌స్టెడీ రికార్డుల నుంచి గొంతుల్ని చాలావరకు తీసేసి, ఆ చోట్లలో యు-రాయ్ మాటలు విసిరిన ఆల్బమ్ అది. ఆల్టన్ ఎల్లిస్ "గర్ల్ ఐవ్ గాట్ ఎ డేట్" మీదే యు-రాయ్ సింగిల్ "వేక్ ద టౌన్" నిలబడింది. అసలు పాట కంఠతా వచ్చాక వింటే, ఎల్లిస్ గొంతు ఎక్కడ ఆగితే యు-రాయ్ ఎక్కడ దూరాడో ప్రతి మలుపులోనూ తెలుస్తుంది.