వర్డ్‌లెస్ బుక్: మూడేళ్లు వాడాక నా రివ్యూ

ఒక్క అక్షరం కూడా లేని పుస్తకానికి రివ్యూ ఏంటి అనుకోకండి. రంగులు చూపించి యేసయ్య గురించి చెప్పడానికి వాడే, అరచేతిలో పట్టేంత బుక్, లోపల బంగారు రంగు, నలుపు, ఎరుపు, తెలుపు పేజీలు, పైన ఆకుపచ్చ అట్ట, అంతే. సండే స్కూల్ టీచర్లకి దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ మా క్రైస్తవ సహవాసానికి (కలిసి ప్రార్థన చేసుకునే మా గుంపుకి) కొత్తగా వచ్చేవాళ్ళు "నా ఫ్రెండ్‌కి యేసయ్య గురించి చెప్పాలని ఉందక్కా, నోరు తెరిస్తే మాట రావట్లేదు" అని అడుగుతూనే ఉంటారు, వాళ్ళకోసమే ఇది రాస్తున్నా.

ఇది ఇప్పటి ఐడియా కాదండి. 1866 జనవరిలో ఇంగ్లాండ్ బోధకుడు స్పర్జన్ గారు లండన్‌లో చేసిన ప్రసంగంలో దీని గురించి చెప్పారు, అప్పుడు మూడే పేజీలు, నలుపు ఎరుపు తెలుపు. ఒక ముసలి పాస్టర్ ఆ మూడు పేజీల్నే పదేపదే తెరిచి చూసుకునేవాడట, తన పాపం, క్రీస్తు రక్తం, కడగబడ్డ హృదయం మర్చిపోకూడదని. "హిమముకంటెను నేను తెల్లగా నుండునట్లు నీవు నన్ను కడుగుము" అనే బైబిల్ 51వ కీర్తన వాక్యం మీద ఆ ప్రసంగం. 1875లో అమెరికా సువార్తికుడు మూడీ గారు పరలోకానికి గుర్తుగా బంగారు పేజీ కలిపారు, ఆకుపచ్చ ఇంకా తర్వాత వచ్చింది. ఐర్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ ఎమీ కార్మైకేల్ గారైతే దక్షిణ భారతంలో ఇవే రంగులతో జెండా కుట్టించుకుని ఎడ్లబండికి కట్టుకుని తిరిగారు. చదువు రానివాళ్ళకి, భాష తెలీనివాళ్ళకి, చిన్నపిల్లలకి అందరికీ ఒకటే పుస్తకం, అందుకే ఇన్నేళ్ళు నిలిచింది అనిపిస్తుంది నాకు.

వాడేటప్పుడు ఎలా ఉంటుందంటే, బంగారు పేజీ తెరవగానే పిల్లలు దగ్గరికి జరుగుతారు, అది మెరుస్తుంది కదా, వేలు పెట్టి రుద్ది చూస్తారు. దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు అని అక్కడే మొదలుపెడతాం, యోహాను 3:16. నాకు బాగా నచ్చేది ఈ వరసే, పాపంతో కాకుండా ప్రేమతో మొదలవడం. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు కూడా ఇదే వరస మనసులో పెట్టుకుంటా, పుస్తకం చేతిలో లేకపోయినా.

ఇక నల్ల పేజీ. దీని గురించి మాత్రం సీరియస్‌గా చెప్పాలి. మొదటి సంవత్సరం నేను "నలుపు అంటే పాపం" అని చెప్పేసేదాన్ని, అందరూ అలాగే చెప్తారు కాబట్టి. ఒకసారి ముందు వరసలో కూర్చున్న పాప ఆ పేజీ వైపు చూసి, తర్వాత తన చేతి వైపు చూసుకుని, చెయ్యి మెల్లగా ఒళ్ళో దాచుకుంది. ఏమీ అడగలేదు. ఆ రోజు క్లాస్ అయ్యాక నేను చాలాసేపు ఏడ్చాను. దేవుడు చేసిన ఆ పాప రంగుని నేను పాపానికి గుర్తుగా చూపించానా అని. అప్పట్నుంచి "చీకటి" అనే చెప్తున్నా, లైట్ ఆఫ్ చేస్తే దారి కనపడనట్టు దేవుడికి దూరంగా ఉంటే అలా ఉంటుంది అని, అందరూ పాపం చేశారని చెప్పే రోమా 3:23 చదివి "అందరును" అనే మాట నొక్కి చెప్తా, నేను కూడా అందులో ఉన్నానని. ఆ పాపని పక్కన కూర్చోబెట్టుకుని దేవుడు నిన్ను చాలా అందంగా చేశాడమ్మా అని కూడా చెప్పాను. దయచేసి ఈ బుక్ వాడే టీచర్లందరూ ఈ ఒక్క మాట మార్చుకోండి.

ఎరుపు, తెలుపు పేజీలకి ఎక్కువ వివరణ అక్కర్లేదు, సిలువ గురించి నెమ్మదిగా చెప్తే చాలు, పిల్లలే ప్రశ్నలు అడుగుతారు.

నా అసలు బాధ ఆకుపచ్చ అట్ట గురించి. తెల్ల పేజీ దగ్గర ప్రార్థన చేయించేసి, యేసయ్యని నమ్ముతానని చేతులెత్తినవాళ్ళని లెక్కపెట్టుకుని చాలామంది పుస్తకం మూసేస్తారు, నేనూ చేశాను. పచ్చరంగు అంటే ఎదగడం, వాక్యం చదవడం, ప్రార్థన, సహవాసం, ఇంకొకరికి చెప్పడం. ఇది ఐదు నిమిషాల్లో చెప్పి అయిపోయేది కాదు కదా, నెలల తరబడి వాళ్ళ పక్కన కూర్చోవాలి. మా సహవాసంలో ఒక చెల్లి ఈ పుస్తకం వల్లే ప్రభువు దగ్గరికి వచ్చింది అంటారు అందరూ, కానీ తనని అడిగితే "పుస్తకం గుర్తులేదక్కా, నాకు జ్వరం వచ్చినప్పుడు మీరందరూ రోజూ ఫోన్ చేసి ప్రార్థన చేశారు చూడండి, అది గుర్తుంది" అంది. అందుకే దీన్ని ఒక్కసారి చూపించి వెళ్ళిపోవాలనుకునేవాళ్ళకి నేను రికమెండ్ చెయ్యను. ఇంకోటి, ఎవరైనా వద్దు అంటే అక్కడితో ఆపేయండి, మన నిరీక్షణ, అంటే దేవుడి మీద మనకున్న ఆశ గురించి అడిగినవాళ్ళకి "సాత్వికముతోను భయముతోను" జవాబు చెప్పమనే బైబిల్లో పేతురు రాశాడు. చిన్నపిల్లలైతే తల్లిదండ్రులకి తెలిసి, వాళ్ళ ఇష్టంతోనే.

క్వాలిటీ సంగతి. నేను వాడినవి రెండు. బట్టతో కుట్టింది ఒకటి తీసుకున్నా, చూడ్డానికి ముద్దుగా ఉంది గానీ వానలో తడిసి ఎరుపు రంగు తెల్ల పేజీ మీదకి దిగిపోయింది, ఇక దాన్ని తెలుపు అని చూపించలేక పక్కన పెట్టేశా. పేపర్‌ది బెటర్, గట్టి అట్టది చూసి తీసుకోండి, బంగారు పేజీ మాత్రం వేళ్ళు తగిలి తగిలి అంచుల్లో తెల్లబడుతుంది. ఇవే రంగుల పూసల బ్రేస్‌లెట్ కూడా దొరుకుతుంది, టీనేజ్ పిల్లలకి అదే బావుంటుంది, చేతికి ఉంటే ఫ్రెండ్సే "ఇదేంటి" అని అడుగుతారు, మనం మొదలుపెట్టాల్సిన పని ఉండదు. మరీ చిన్నపిల్లలకి ఇవ్వకండి, పూసలు నోట్లో పెట్టుకుంటారు.

ఐదుకి నాలుగున్నర స్టార్లు. నా పేపర్ బుక్‌కి ఆకుపచ్చ అట్ట మూల ఊడిపోయింది, టేప్ వేసుకుని ఇంకా అదే వాడుతున్నా.