సొరుగుల చప్పుడు: చెన్నై తేమకు ఏది నిలిచింది, ఏది ఊడింది

డ్రెస్సింగ్ టేబుల్ సొరుగుల చప్పుడు తగ్గించడానికి ఫెల్ట్ బిళ్లలు, బంపర్లు (దెబ్బను ఆపే చిన్న మెత్తటి బొడిపెలు), మైనం, సాఫ్ట్ క్లోజ్ చానెళ్లు (సొరుగు జారే, చివర్లో దాన్ని మెల్లగా మూసే లోహపు పట్టాలు) నాలుగూ ఏళ్ల తరబడి వాడాక రాస్తున్న సమీక్ష ఇది. బిగించిన కొత్తలో అన్నీ బాగానే ఉంటాయి. అసలు పరీక్ష మే నెల కత్తిరి ఎండల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానల్లోనూ జరుగుతుంది.

ముందు చప్పుడును చెవిపెట్టి వినాలి. మూసినప్పుడు ధబ్‌మంటే సొరుగు ముఖపలక చట్రానికి కొట్టుకుంటోంది. లాగినప్పుడు కీచుమంటే చెక్కకు చెక్క రాసుకుంటోంది. గరగరమంటే చానెల్లో పొట్టో తుప్పో చేరింది. ఒక చప్పుడుకు వేసే మందు ఇంకోదానికి పనికిరాదు.

ధబ్‌మనే సొరుగుకు ఎక్కువమంది కొనేది ఫెల్ట్ బిళ్లలు. ఈ ఊరికి అవి సరిపోవు. ఎండకు జిగురు మెత్తబడి బిళ్ల కిందికి జారుతుంది, జారిన చోట జిడ్డు మిగులుతుంది, దానికి దుమ్ము పడుతుంది. పారదర్శకంగా ఉండే పాలీయురేథేన్ బంపర్లు వీటికంటే ఎంతో నయం. 10 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం ఉన్నవి చాలు. ముఖపలక వెనక, చట్రానికి తగిలే రెండు పై మూలల్లో ఒక్కొక్కటి అంటించాలి. అంతకుముందు ఆ చోటును స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి, అంటించాక ఒక రోజు సొరుగు గట్టిగా మూయకూడదు. పాలిష్ మీద నూనె తడి ఉంటే ఎంత మంచి బంపరైనా వారానికే ఊడి కిందపడుతుంది.

పాత టేకు బల్లల్లో చానెళ్లు ఉండవు, సొరుగు చెక్కపట్టీల మీదే జారుతుంది. దీనికి తెల్ల కొవ్వొత్తిని మించింది లేదు. పట్టీని 180 నంబరు సాండ్‌పేపరుతో నునుపు చేసి, పొడి పూర్తిగా తుడిచి, పట్టీకీ సొరుగు అడుగు అంచుకూ కొవ్వొత్తి గట్టిగా రుద్దాలి. కొబ్బరినూనె మాత్రం వద్దు. రెండు రోజులు బాగా జారుతుంది, తర్వాత దుమ్ముతో కలిసి బంకలా పట్టేస్తుంది. ఇంకో జాగ్రత్త: వానల్లో సొరుగు బిగిసిందని అప్పటికప్పుడు చిత్రిక పట్టించకండి. తేమకు ఉబ్బిన చెక్కను చెక్కేస్తే ఎండాకాలంలో అది కుంచించుకుని సొరుగు అటూ ఇటూ ఊగి కొత్త చప్పుడు మొదలవుతుంది. ఫిబ్రవరి, మార్చి దాకా ఆగి చూస్తే చాలాసార్లు చిత్రిక అవసరమే ఉండదు. పార్టికల్ బోర్డు సంగతి వేరు, అది ఒకసారి ఉబ్బితే మళ్లీ తగ్గదు.

ఇక సాఫ్ట్ క్లోజ్ టెలిస్కోపిక్ చానెళ్లు. ధబ్ చప్పుడును పూర్తిగా ఆపేది ఇదొక్కటే, కానీ బిగింపు సరిగ్గా కుదరాలి. ఒక్కో పక్క చానెల్ మందం సుమారు 12.7 మి.మీ. కాబట్టి సొరుగు పెట్టె వెడల్పు, లోపలి ఖాళీ వెడల్పు కంటే 25 నుంచి 26 మి.మీ. తక్కువ ఉండాలి. తేడా అంతకన్నా తగ్గితే చానెల్ లోపలి గోళీలు నలిగి గరగరమంటాయి, పెరిగితే చానెల్ వదులై కొట్టుకుంటుంది. ముందు పొడవాటి రంధ్రాల్లో స్క్రూలు వేసి, రెండు పక్కలా ఎత్తూ ముందువెనకలూ సరిచూసి, ఆ తర్వాతే గుండ్రటి రంధ్రాల్లో బిగించాలి. ఒక పక్క 2 మి.మీ. ముందున్నా రెండు డ్యాంపర్లు (మూసుకునే వేగాన్ని తగ్గించే భాగాలు) ఒకేసారి అందుకోవు, సొరుగు వంకరగా మూసుకుంటుంది. స్క్రూ తల పైకి లేచి ఉంటే లోపలి పట్టీకి రాసుకుంటుంది. పక్కపలక 12 మి.మీ. ప్లైవుడ్ అయితే 16 మి.మీ. స్క్రూ లోపలికి పొడుచుకొచ్చి చీరలు చిరుగుతాయి, 12 మి.మీ. స్క్రూలు అడిగి తీసుకోండి. సాఫ్ట్ క్లోజ్ ఉన్నచోట మందపాటి బంపర్లు కూడా పెడితే సొరుగు చివరిదాకా వెళ్లదు.

లోటు ఏమిటంటే, తెరిచేటప్పుడు మొదట కాస్త గట్టిగా లాగాలి. తేలికపాటి బల్లైతే ఆ కుదుపుకు పైనున్న సెంటుసీసాలు పడిపోతాయి. అప్పుడప్పుడు సొరుగును లోపలికి లాగే ప్లాస్టిక్ కొక్కెం తప్పి సొరుగు చివర ఆగిపోతుంది. కంగారు పడక్కర్లేదు, సొరుగును ఒకసారి చివరిదాకా గట్టిగా నెడితే కొక్కెం మళ్లీ పట్టుకుంటుంది. డ్యాంపర్ దగ్గర నూనె మరక కనబడి, సొరుగు మళ్లీ ధబ్‌మంటుంటే దాని పని అయిపోయినట్టే. అప్పుడు జత మార్చాలి, ఒక్క పక్క మారిస్తే రెండూ కలిసి పనిచేయవు.

తిరువాన్మియూర్, బీసెంట్ నగర్ లాంటి సముద్రపు గాలి తగిలే ఇళ్లలో జింకు పూత చానెళ్ల మీద ముందు తెల్లటి పొడి, ఆపైన ఎర్ర తుప్పు వస్తాయి. అక్కడ ఖర్చు ఎక్కువైనా స్టెయిన్‌లెస్ స్టీలువే కొనడం మేలు. మిగతాచోట్ల ఏటా వానలకు ముందు పొడిగుడ్డతో పాత గ్రీజు తుడిచి, గోళీల దారిలో లిథియం గ్రీజు పలుచగా రాస్తే చాలు. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టకండి, అవి ఉన్న గ్రీజును కడిగేసి తర్వాత ఆరిపోతాయి.

ఇక వదులైన భాగాలు చేసే గలగల శబ్దం, దాన్ని ఆపడానికి ఖర్చు దాదాపు లేదు. హ్యాండిల్ స్క్రూ కింద నైలాన్ వాషరు, సొరుగు అడుగున 3 మి.మీ. మెత్తటి ఈవీఏ ఫోమ్ షీటు వేస్తే సరి. అడుగుపలక గాడిలో వదులైతే లోపలివైపు అంచు వెంట సన్నగా సిలికాన్ సీలెంట్ పూసి ఒక రోజు ఆరనివ్వాలి. బల్ల వెనకపలక గోడకు తగలకుండా ఒక వేలు సందు వదలండి. తగిలితే సొరుగు దెబ్బ గోడ గుండా పక్కగదిలో కూడా వినిపిస్తుంది.