ముత్యంధార, పాపికొండలు ఒకే ప్యాకేజీలో అమ్ముతున్నరా? పైసలు కట్టకముందు ఇది చదవండి

ఒంటరిగా జలపాతాలు చూడ్డానికి బయల్దేరేటోళ్ల కోసం రాస్తున్న. ప్యాకేజీ అమ్మినోళ్ల పేరు రాయట్లేదు. పేరు తెలిసినా లాభం లేదు, రేపు ఇంకో పేరుతో వస్తరు. ప్రకటన మాత్రం గుర్తుపెట్టుకోండి: "బొగత, ముత్యంధార, పాపికొండలు. మూడు రోజులు. సోలో ట్రెక్కర్లకు ప్రత్యేకం. ఫారెస్ట్ పర్మిషన్ మాదే."

ఆగస్టు మొదటి వారానికి బుక్ చేసుకున్న. మనిషికి 6,800 రూపాయలు, ఒక్కడినే కాబట్టి రూముకు ఇంకో 1,500. అడ్వాన్సుగా 5,000 ఫోన్‌పే కొట్టిన. రసీదు అడిగితే రంగురంగుల బొమ్మ ఒకటి పంపిండు. దాని మీద పులి ఉంది, జలపాతం ఉంది, అడ్రస్ లేదు, జీఎస్టీ నంబర్ లేదు. అక్కడనే ఆగాల్సింది. పులిని చూసి పడిపోయిన.

అసలు ఆ ప్యాకేజీలోనే ఉన్న తిరకాసు నాకు తట్టలేదు. వరంగల్‌ల పుట్టి పెరిగినోడికి తట్టకపోవుడు ఇంకా సిగ్గు. వానలు దంచికొట్టి వాగులు పొర్లితేనే బొగత బొగత లెక్క ఉంటది. అంటే జూలై, ఆగస్టు, సెప్టెంబర్. గోదావరికి వరద వచ్చేదీ ఆ నెలల్లనే. వరద ఉంటే పాపికొండల బోట్లు ఆపేస్తరు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది వరద గోదావరిలనే. అందుల కాజీపేట పక్కన మన కడిపికొండ వాళ్లు ఉన్నరు. ఆ వారం కాజీపేటల ఎట్ల గడిచిందో చూసినోళ్లకు చెప్పనక్కర్లేదు. జలపాతానికి నీళ్లు రావాలె, కొండల నడుమ పడవ నడవాలంటే గోదావరి తగ్గాలె. ఈ రెండింటినీ ఆగస్టుల ఒకే టికెట్ మీద అమ్మేటోడికి, రెండోది జరగదని అమ్మేరోజే తెలుసు.

"హన్మకొండ చౌరస్తాల పికప్" అన్నరు. ముందురోజు రాత్రి మెసేజ్: "బ్రదర్, ఏటూరునాగారం వరకు బస్సుల వచ్చేయండి." సరే, ములుగు, పస్రా, తాడ్వాయి అడవి మీదుగా వానల ఆర్టీసీ బస్సు కిటికీ పక్క సీటు దొరకడమే ఒక టూరు. ఆ ట్రిప్పుల మనస్ఫూర్తిగా నచ్చింది అదొక్కటే, దానికి వాళ్లకు ఇచ్చింది ఏం లేదు. ఏటూరునాగారంల చూస్తే బండిల అప్పటికే పదిమంది చుట్టాల బలగం, టిఫిన్ డబ్బాలు. సోలో ట్రెక్ అంటే వాళ్ల నడుమ నేనొక్కడినే సోలో.

ముల్లకట్ట బ్రిడ్జి దాటి వాజేడు మండలంల చీకుపల్లి దగ్గర బొగత. నీళ్లు ఎర్రగా, అంచు నిండా, చప్పుడుకు మాట వినపడట్లే. వరదున్నప్పుడు దిగనియ్యరు, దూరం నుంచే చూడాలె. అదే మంచిది. గేటు దగ్గర ఎవరైనా టికెట్ కొనుక్కొని పోవచ్చు, దానికి ప్యాకేజీ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలే. డ్రైవరన్న గొడుగు పట్టుకున్న నన్ను నిలబెట్టి ఫొటో తీసిండు.

రెండోరోజు ముత్యంధార. వెంకటాపురం మండలం వీరభద్రవరం నుంచి అడవిల కిలోమీటర్లకొద్దీ నడక, దారిల వాగులు. 700 అడుగుల పైనుంచి పడే ధార కాబట్టి దాని కోసమే నేను పైసలు కట్టింది. బండి ఊరి బయట ఆపిండ్రు. అక్కడొక పిలగాడు ఎదురొచ్చిండు, గైడట. పర్మిషన్ కాగితం అడిగిన. డ్రైవర్ ఆఫీసుకు ఫోన్ చేయమన్నడు, అక్కడ సిగ్నల్ లేదు. ఇగ పిలగాడే చెప్పిండు: "పర్మిషన్ ఎక్కడిదన్నా? బంద్ పెట్టిండ్రు కదా. పట్టుకుంటే కేసే. ఇంకో 1,200 ఇస్తే పొద్దున నాలుగింటికి వేరే తొవ్వల తీస్కపోమన్నరు నన్ను."

ఆ "వేరే తొవ్వ" గురించి కొంచెం ఆగి చెప్పాలె. 2023 జూలైల ముత్యంధార చూసి తిరిగొస్తుంటే వాగు పొంగి 80 మంది దాకా రాత్రంతా అడవిలనే ఇరుక్కున్నరు. ఎన్డీఆర్‌ఎఫ్ వాళ్లు పోయి తీసుకొచ్చిండ్రు. అటవీ శాఖ అటు పోవుడు ఆపింది ఆ తర్వాతనే. వాజేడు, వెంకటాపురం గుట్టల సంగతి ఇంకోటి. 2024 జూన్‌ల కొంగాల అడవిల మందుపాతర మీద కాలు పడి స్థానికుడే ఒకాయన చనిపోయిండు. కర్రెగుట్టల మీద మందుపాతరలు పెట్టినమని 2025 ఏప్రిల్‌ల మావోయిస్టులే లేఖ వదిలిండ్రు. ఆ దిక్కు అడవిల చీకట్ల, దొంగ తొవ్వల, సిగ్నల్ లేని చోట, ఒంటరి మనిషిని పంపుతున్నరు. అదీ ఎక్స్‌ట్రా చార్జీ తీసుకొని.

నేను పోలేదు. పిలగాడికి చాయ్ తాపిచ్చి వెనక్కి వచ్చిన. నిజం చెప్పింది వాడొక్కడే.

మూడోరోజు పాపికొండలు అని ఎదురుచూడకండి, నేను చూడలే. "వరద ఉంది బ్రదర్, బోట్లు ఆపిండ్రు, ప్రకృతి మన చేతుల లేదు కదా." రిఫండ్ అడిగితే వోచర్ ఇస్తమన్నరు, మూడు నెలల్లోపు వాడుకోవాలట. గోదావరి ఎప్పుడు తగ్గుతదో, బోట్లు ఎప్పుడు మొదలైతయో నా వోచర్‌కు తెలవదు. గట్టిగా అడిగిన తెల్లారి నా నంబర్ బ్లాక్.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసిన. ముందుగాల అడిగింది సంస్థ పేరు, అడ్రస్. నా దగ్గర ఉన్నది పులి బొమ్మ. 1930కి కూడా చేసిన, సైబర్ మోసాలకు అది. పైసలు పోయిన గంటల్లనే చేస్తే ఖాతాల ఆపే వీలుంటదట, నేను చేసింది పదకొండో రోజు. కాబట్టి రసీదు మీద అడ్రస్, జీఎస్టీ నంబర్ లేకుంటే రూపాయి కొట్టకండి. "పర్మిషన్ మాదే" అంటే ఆ కాగితం ఫొటో ముందే అడగండి, అటవీ శాఖ ఆఫీసుల ఒకసారి కనుక్కోండి. చూస్తే మాత్రం బస్సెక్కి బొగత చూసిరండి, లేదంటే మనకు దగ్గర్ల గూడూరు మండలంల భీముని పాదం ఉంది, వానలు పడ్డంక. పాపికొండలు చలికాలానికి పెట్టుకోండి.

నిన్న మళ్ల అదే ప్రకటన కనపడ్డది, పేరు మారింది. "మా సంతోషకరమైన సోలో ట్రెక్కర్" అని కింద రాసి ఒక ఫొటో పెట్టిండ్రు. బొగత ముందర నల్ల గొడుగు పట్టుకొని నవ్వుతున్న మనిషి. అది నేనే. ఆ ఫొటో తీసే సరికి ఇంకా మొదటి రోజే.