అడాలిముమాబ్ ఇంజెక్షన్: విశాఖలో ఏళ్ల తరబడి వాడిన తరువాత

పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్‌కు అడాలిముమాబ్ బయోసిమిలర్‌ను (అసలు బ్రాండ్‌ను పోలి, వేరే కంపెనీ తయారుచేసే మందును) కొవిడ్‌కు ముందు మొదలుపెట్టి, నేటికీ రెండు వారాలకొకసారి వేసుకుంటున్నాను. అంతకు మునుపు మెసలమైన్ చాలలేదు, అజాథయోప్రిన్ పడలేదు, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మోతాదు తగ్గించిన ప్రతిసారీ రక్తవిరేచనాలు తిరగబెట్టేవి. అందువల్ల స్టెరాయిడ్ అవసరం లేకుండా పేగును అదుపులో ఉంచగలిగిందా లేదా అన్న ఒక్క లెక్కతోనే ఈ మందును చూస్తాను. ఆ పని చేసింది. అయితే దీని వెంట వచ్చే కట్టుబాట్లు కూడా మందులో భాగమే.

మొదటిసారి 160 మిల్లీగ్రాములు, రెండు వారాలకు 80, ఆ తరువాత 40 చొప్పున వేస్తారు. స్టెరాయిడ్‌లా రెండు మూడు రోజుల్లో గుణం కనిపించకపోవడంతో నిరుత్సాహపడేవారు చాలామంది ఉంటారు. నాకు ముందు రక్తం ఆగింది, ఆ తరువాత మలంలో పేగు వాపును చూపే కాల్‌ప్రొటెక్టిన్ దిగివచ్చింది, చివరకు కొలొనోస్కోపీలో పుండ్లు మానినట్టు తేలింది. ఒంటికి హాయిగా ఉన్నంత మాత్రాన పేగు మానిందనుకోరాదు కనుక ఆ చివరి రెండింటికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మొదలుపెట్టడానికి ముందు చేసే టి.బి. పరీక్షను తంతుగా భావించకూడదు. శరీరంలో నిద్రాణంగా ఉన్న క్షయ క్రిములను కట్టడి చేసి ఉంచడంలో టి.ఎన్.ఎఫ్. అనే ప్రొటీన్‌కు పాత్ర ఉంది. ఈ మందు అడ్డుకునేది సరిగ్గా దానినే. నాకు ఇగ్రా అనే టి.బి. రక్తపరీక్ష పాజిటివ్ రావడంతో టి.బి. మందు ఐసోనియాజిడ్ మొదలుపెట్టి నెల గడిచిన తరువాతే తొలి ఇంజెక్షన్ ఇచ్చారు. విరేచనాలతో నీరసించిన మనిషికి ఆ నెల చాలా పొడుగ్గా తోస్తుంది, కానీ తప్పించుకోదగినది కాదు. హెపటైటిస్ బి పరీక్ష కూడా అప్పుడే చేయించాలి.

విశాఖలో అసలు పరీక్ష ఫ్రిజ్‌తోనే. సిరంజి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టరాదు. అందుచేత ఫ్రీజర్ కిందా కాదు, తలుపులోనూ కాదు, మధ్య అరలోనే పెడతాను. అసలు బ్రాండ్ హ్యుమిరాకు 25 డిగ్రీలు మించని చోట 14 రోజుల సడలింపు ఉన్నా, మన మే నెల ఉక్కలో ఏ.సి. లేని గదికి ఆ సడలింపు వర్తించదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిన తరువాత నగరంలో కరెంటు లేని రోజులు గుర్తున్నవారికి, తుఫాను హెచ్చరిక రాగానే జెల్ ప్యాకులు గడ్డకట్టించి పెట్టుకోవాలని చెప్పనక్కరలేదు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్లేటప్పుడు ప్యాకుకూ సిరంజికీ మధ్య మందపాటి గుడ్డ ఉంచుతాను. ఒక దుకాణం నుంచి కరిగిపోయిన ప్యాకుతో మందు వస్తే తిప్పి పంపాను; ఈ మందు కూడా ఒక ప్రొటీనే, అది పాడైనా చూపుకు తెలియకపోవచ్చు.

నొప్పి భరించదగినదే. బయటకు తీసి అరగంట ఆగి వేసుకుంటే మంట తగ్గుతుంది. మంట పుట్టించే సిట్రేట్ అనే లవణం లేని రకం మరీ నయం. తొడలను మార్చుకుంటూ, పొట్టపై అయితే బొడ్డుకు కనీసం 5 సెంటీమీటర్ల దూరంలో వేసుకోవాలి.

నరాల పైపొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లిరోసిస్ (ఎం.ఎస్.) జబ్బుకు ఆరునెలలకొకసారి ఆసుపత్రిలో రిటుక్సిమాబ్ ఎక్కించుకునే మా మేనత్త కూతురు, "నీ మందు ఇంట్లోనే అయిపోతుంది, నాకూ అదే రాయమని అడగనా?" అంది. వద్దు వదినా అన్నాను. రెండూ బయోలాజిక్‌లే (జీవకణాలతో తయారుచేసే మందులే) అయినా, రిటుక్సిమాబ్ రోగనిరోధక వ్యవస్థలోని బి కణాలను తొలగిస్తుంది, టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకునే నా మందు ఎం.ఎస్.ను ఎక్కువ చేయవచ్చు, అరుదుగా కొత్తగా నరాల పైపొరను దెబ్బతీయనూ వచ్చు. చూపు మసకబారినా, కాళ్లు తిమ్మిరెక్కినా వెంటనే చెప్పమని మా డాక్టరుగారు నన్ను హెచ్చరించింది ఇందుకే. నటలిజుమాబ్ అనే మరో మందుకు అమెరికాలో ఎం.ఎస్.కూ క్రోన్స్ అనే పేగు జబ్బుకూ అనుమతి ఉన్న మాట నిజమే, కానీ అది వేరే దారిలో పనిచేసే మందు.

ఖర్చు ఇప్పటికీ భారమే. 2014 డిసెంబరులో జైడస్ తొలి అడాలిముమాబ్ బయోసిమిలర్‌ను మన దేశంలో విడుదల చేసి ఉండకపోతే నా వంటి జీతగాడు దీని జోలికి వెళ్లగలిగేవాడు కాదు. కొనసాగించేవారు జ్వరం వచ్చిన వారం ఇంజెక్షన్ వేసుకోవాలా వద్దా అని డాక్టరును అడిగి తీరాలి, సజీవ టీకాలు తీసుకోకూడదు. మందు పట్టు తగ్గినట్టు అనిపిస్తే, వేరే మందుకు మారేముందు రక్తంలో మందు స్థాయి, దానిపై పుట్టిన యాంటీబాడీలు పరీక్షించమని కోరవచ్చు.