జన్యువులా, పెంపకమా: తేల్చడానికి కవలలు మేలా, దత్తత పిల్లలు మేలా, డీఎన్‌ఏ మేలా?

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో టెట్‌కూ డీఎస్సీకీ చదివేవాళ్లు, ఎమ్మే సైకాలజీ పిల్లలు, ఈమధ్య లాలాజలం పంపి డీఎన్‌ఏ రిపోర్టు తెప్పించుకున్న తల్లిదండ్రులు కూడా తిప్పితిప్పి ఇదే అడుగుతున్నారు. మనిషి ప్రవర్తనలో జన్యువుల వాటా ఎంతో తెలియాలంటే కవలల అధ్యయనాన్ని నమ్మాలా, దత్తత అధ్యయనాన్నా, నేరుగా డీఎన్‌ఏనా? అనువంశికత, పరిసరాలు రెండూ పనిచేస్తాయన్నది పుస్తకంలో ఉన్నదే, వదిలేద్దాం. నా దృష్టిలో తేల్చే అంశం వేరు. తల్లిదండ్రులు రక్తంలో ఇచ్చింది ఏది, ఇంట్లో ఇచ్చింది ఏది అని ఏ పద్ధతి విడదీయగలదు?

కవలల బలం లెక్కల్లో ఉంది. సమరూప కవలల (ఒకే అండం రెండుగా చీలి పుట్టినవాళ్లు) డీఎన్‌ఏ దాదాపు మొత్తం ఒకటే, విభిన్న కవలలది (రెండు అండాల నుంచి పుట్టినవాళ్లు) సగటున సగం కలుస్తుంది. రెండు రకాల జంటల్లో సహసంబంధాలు (ఇద్దరి పోలిక ఎంతో చెప్పే అంకెలు) చూసి, విభిన్నులు సగమే పంచుకుంటారు కాబట్టి తేడాను రెట్టింపు చేస్తే అనువంశికత, అంటే మనుషుల మధ్య తేడాల్లో జన్యువుల వాటా, వస్తుంది. సమరూపుల్లో 0.80, విభిన్నుల్లో 0.55 అనుకోండి, 50 శాతం. 2015లో యాభై ఏళ్ల అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. 17,804 లక్షణాలు, 1.4 కోట్లకు పైగా జంటల లెక్కలు (కొన్ని జంటలు మళ్లీమళ్లీ వచ్చినవే), సగటు 49 శాతం. దత్తత అధ్యయనాలకు ఇంత సరంజామా లేదు.

నా పేచీ ఆ రెట్టింపు దగ్గరే. సమరూప కవలలకు లవుడు, కుశుడు అని పేర్లు పెట్టి, ఒకే తాను గుడ్డ కుట్టించి, ఒకే సెక్షన్‌లో కూర్చోబెడతాం. విభిన్న కవలలకు ఇంత ముచ్చట జరగదు. పోలికలో కొంత ఈ పెంపకం వల్లే వచ్చిందైతే, లెక్కలో దొర్లిన తప్పు కూడా రెట్టింపవుతుంది. ఆ తప్పు పెద్దది కాదని కవలల మీద పనిచేసేవారు అంటారు, వాళ్ల ఆధారాలు తీసిపారేసేవీ కావు. మన ఇళ్లలో ఇంకో తిరకాసు ఉంది. మేనరికం చేసుకున్న దంపతులకు పుట్టిన విభిన్న కవలలు సగం కంటే కొంచెం ఎక్కువే పంచుకుంటారు. అప్పుడు తేడా తగ్గి, జన్యువుల వాటా ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.

దత్తత అధ్యయనంలో ఈ గుణకారాలు లేవు. కన్నది ఒకరు, పెంచింది ఒకరు. ఎవరిని పోలాడో చూడటమే. లియొనార్డ్ హెస్టన్ 1966లో ప్రచురించినదాన్నే తీసుకోండి. అమెరికాలోని ఓరెగాన్‌లో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బుతో ఆసుపత్రిలో ఉన్న తల్లులకు పుట్టి, పుట్టిన కొద్ది రోజులకే వాళ్లకు దూరమైన 47 మందిని పెద్దయ్యాక వెతికి పట్టుకున్నాడు. వారిలో ఐదుగురికి అదే జబ్బు. అలాగే తల్లికి దూరంగా పెరిగినా, తల్లికి ఆ జబ్బు లేని 50 మందిలో ఒక్కరికీ లేదు. స్కిజోఫ్రీనియాకు తల్లి పెంపకమే కారణమని తల్లులను బోనెక్కించిన రోజులవి. తల్లి చేతి ముద్ద తినని పిల్లలకే జబ్బు వస్తే ఆ నింద ఎలా నిలుస్తుంది? అదే సమయంలో మిగతా 42 మందికి ఆ జబ్బు రాలేదన్నదీ అక్కడే కనిపిస్తోంది. నేను ఈ పద్ధతి వైపే మొగ్గుతాను.

లోపాలు లేవనను. తల్లి కడుపులో గడిచిన తొమ్మిది నెలలను ఇది విడదీయలేదు. పైగా దత్తత ఇచ్చేముందు ఆస్తీ నడవడీ చూస్తారు కనుక, పెంచే ఇళ్లన్నీ కాస్త మంచి ఇళ్లే అవుతాయి. ఇళ్ల మధ్య తేడా తగ్గితే ఇంటి ప్రభావమూ చిన్నదిగా కనిపిస్తుంది. ఇది చిన్న విషయం కాదు. అమెరికా మనస్తత్వవేత్త టర్క్‌హైమర్ బృందం 2003లో ఏడేళ్ల కవలల తెలివితేటలను చూసినప్పుడు, పేద కుటుంబాల్లో జన్యువుల వాటా దాదాపు సున్నా, ఉమ్మడి పరిసరాల (ఇద్దరూ కలిసి పెరిగిన ఇల్లు, వాతావరణం) వాటా సుమారు 60 శాతం వచ్చింది. కలిగిన ఇళ్లలో దాదాపు తలకిందులు.

ఇక డీఎన్‌ఏ. 30 లక్షల మందిని చూసిన 2022 అధ్యయనంలో కూడా, జన్యు స్కోరు (డీఎన్‌ఏలోని ఎన్నో చిన్న తేడాల ప్రభావాన్ని కూడి వేసిన అంకె) చదువులో మనుషుల మధ్య తేడాలను 12–16 శాతమే వివరించింది. అది గుంపుకు పనికొచ్చే లెక్క, మీ అబ్బాయికి కాదు. శాంపిళ్లు ఎక్కువగా యూరప్ మూలాలవారివి. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీవాళ్లు భాగస్వాములైన 2009 పరిశోధన మన జనాభాల కలయిక ఎంత ప్రత్యేకమో చూపించింది, కాబట్టి ఆ స్కోరును ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోలేం. అయితే 2018లో ఐస్‌లాండ్‌వాళ్లు ఒక చక్కని పని చేశారు. తల్లిదండ్రుల్లో ఉండి పిల్లలకు రాని జన్యురూపాలను (ఒకే జన్యువులో మనిషికీ మనిషికీ ఉండే తేడాలు) లెక్కేస్తే, అవి కూడా పిల్లల చదువుతో ముడిపడి ఉన్నాయి. రాని జన్యువు పనిచేసిందంటే ఇంటి ద్వారానే కదా! దత్తత అధ్యయనం చేసే విడదీతను దత్తత లేకుండానే చేసినట్టయింది.

ఒకే జన్యువు మీద నేరమో దిగులో మోపే పాత పద్ధతి దాదాపు కూలిపోయింది. డిప్రెషన్‌కు పేరు మోసిన 18 జన్యువులను 2019లో లక్షల మందిలో పరీక్షిస్తే ఏదీ నిలవలేదు. ఇక వేలిముద్రలు చూసి పిల్లల తెలివి చెప్పే కేంద్రాలకు డబ్బు కట్టకండి, అంతే.

చిక్కేమిటంటే, నాకు నచ్చిన పద్ధతి ఇక్కడ చేయడమే కష్టం. మన దగ్గర అన్న బిడ్డనో చెల్లెలి బిడ్డనో పెంచుకోవడం మామూలు. పెంచినవాళ్లూ రక్తసంబంధీకులే అయితే విడదీయడానికి ఏం మిగిలింది? కాబట్టి హైదరాబాద్‌లో ప్రాజెక్టు చేయాల్సిన ఎమ్మే పిల్లలు కవలలనే పట్టుకోండి, తల్లిదండ్రులది మేనరికమా కాదా అన్న ప్రశ్న ఫారంలో తప్పక పెట్టండి.