టర్న్ దాకా ఆగే పద్ధతి: ఆరేళ్లు వాడి చూశాక

హోల్డెమ్ అంటే ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచి, అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు బల్ల మీద పరిచే పోకర్ ఆట. అందులో బెట్ ఎంతో ముందే ఖాయమైన రకం లిమిట్ హోల్డెమ్. దానిలో చేతికి పెద్ద జత వచ్చి, ఫ్లాప్ (మొదట పరిచే మూడు ఉమ్మడి ముక్కలు) మాత్రం ప్రమాదకరంగా పడినప్పుడు, అక్కడికక్కడే రెయిజ్ చేయకుండా (బెట్ పెంచకుండా) కాల్‌తో (ఎదుటి బెట్‌కు సమానంగా కట్టడంతో) సరిపెట్టుకుని, బెట్ రెట్టింపయ్యే టర్న్‌లో (నాలుగో ఉమ్మడి ముక్క దగ్గర) రెయిజ్ చేసే పద్ధతిని నేను ఆరేళ్లుగా వాడుతున్నాను. మొదటి ఏడాది దాన్ని నమ్మలేదు, రెండో ఏడాది అతిగా నమ్మాను. రెండు పొరపాట్లకూ చిప్స్ రూపంలో మూల్యం చెల్లించాకే ఈ సమీక్షకు కూర్చున్నాను.

బెట్‌కు పరిమితి లేని నో లిమిట్ ఆటలో, డ్రా పట్టుకున్నవాడిని (కావలసిన ముక్క పడితే చేయి పూర్తయ్యేవాడిని) పెద్ద బెట్‌తో తరిమేయవచ్చు. లిమిట్‌లో ఆ వీలు లేదు, ఎందుకంటే బెట్ ఎంతో ఆటే ముందుగా నిర్ణయిస్తుంది: తొలి రెండు రౌండ్లలో చిన్న బెట్, టర్న్‌లోనూ, చివరి ముక్క పడే రివర్‌లోనూ దానికి రెట్టింపు, రౌండుకు సాధారణంగా ఒక బెట్, మూడు రెయిజ్‌లు. కాబట్టి మన చేతిలో మిగిలేది ఎప్పుడు రెయిజ్ చేయాలన్నదీ, ఆ రెయిజ్ వల్ల ఎవరు ఒకేసారి రెండు బెట్లు కట్టవలసి వస్తుందన్నదీ మాత్రమే.

నాకు బాగా గుర్తున్న ఒక ఆటను లెక్కతో సహా చెబుతాను. నా ముక్కలు ఆఠీను రాజు, డైమను రాజు. నాకు ముందున్న ఒకాయన ఊరికే కాల్ చేసి వచ్చాడు, నేను రెయిజ్ చేశాను, బటన్ మీద ఉన్నాయన (ఫ్లాప్ నుంచి అందరికన్నా చివర ఆడేవాడు), పెద్ద బ్లైండు (ముక్కలు చూడకముందే ఒక బెట్ కట్టవలసినవాడు), ముందు వచ్చినాయన ముగ్గురూ కాల్ చేశారు. చిన్న బ్లైండు (అలాగే ముందే అర బెట్ కట్టేవాడు) వదిలేసి వెళ్లిన ఆ అర బెట్‌తో కలిపి పాట్‌లో (బల్ల మధ్య పోగైన సొమ్ములో) ఎనిమిదిన్నర చిన్న బెట్లు. ఫ్లాప్‌లో ఇస్పేటు జాకీ, ఇస్పేటు పది, కళావరు ఎనిమిది పడ్డాయి. పెద్ద బ్లైండు చెక్ అన్నాడు (బెట్ వేయకుండా వంతు వదిలేశాడు), ముందున్నాయన బెట్ వేశాడు.

అక్కడే రెయిజ్ చేసి ఉంటే, అందరూ కాల్ చేశారనుకుందాం, పాట్ 16.5 చిన్న బెట్లు, అంటే 8.25 పెద్ద బెట్లు అయ్యేది. టర్న్‌లో ముందున్న ఇద్దరూ చెక్ చేసి, నేను ఒక పెద్ద బెట్ వేస్తే పాట్ 9.25, బటన్ మీద ఉన్నాయన కట్టవలసింది ఒకటి. నేను ఫ్లాప్‌లో కాల్ మాత్రమే చేశాను, మిగతావాళ్లూ కాల్ చేశారు, పాట్ 6.25 పెద్ద బెట్ల దగ్గర ఆగింది. టర్న్‌లో డైమను మూడు పడింది, ముందున్నాయన మళ్లీ బెట్ వేశాడు, నేను రెయిజ్ చేసేసరికి పాట్ అదే 9.25 అయింది, కాని ఈసారి బటన్ మీద ఉన్నాయన కట్టవలసింది రెండు. పాట్ ఒకటే, ధర రెట్టింపు. ఆ దశలో ఎనిమిది ముక్కల్లో ఏది పడినా స్ట్రెయిట్ (వరుసగా ఐదు ముక్కలు) అయ్యే డ్రాకు 4.75కు ఒకటి, అంటే కట్టే ఒక్కో బెట్‌కు పాట్‌లో 4.75, దొరికితేనే కాల్ గిట్టుబాటవుతుంది. ఆయనకు దొరికింది దాదాపు 4.6కు ఒకటి. ఫ్లష్ (ఒకే గుర్తున్న ఐదు ముక్కలు) డ్రాకు మాత్రం 4.1 చాలు కనుక దాన్ని ఈ పద్ధతి కూడా కదిలించలేదు. ఈ విషయం మొదట్లో ఎవరైనా నాకు చెప్పి ఉంటే చాలా తిట్లు మిగిలేవి.

బటన్ మీద ఉన్నాయన చాలాసేపు ఆలోచించి తొమ్మిదుల జతను అందరికీ చూపించి పారేశాడు. సెట్ (ఒకే అంకెవి మూడు) అయ్యే రెండు ముక్కలతో కలిపి ఆయనకు పది దాకా దారులున్నాయి, లెక్క ప్రకారం అది పొరపాటే. ఒక్క బెట్ అయితే నవ్వుతూ కట్టేవాడు. పెద్ద బ్లైండు కూడా తప్పుకున్నాడు. రివర్‌లో ఇస్పేటు ఏడు పడింది, ముందున్నాయన వెంటనే బెట్ వేశాడు. పాట్‌లో 11.25 పెద్ద బెట్లున్నప్పుడు ఒకటి కట్టడానికి పన్నెండు సార్లలో ఒకసారి గెలిచినా దాదాపు సరిపోతుంది కనుక కాల్ చేశాను. ఆయన ఇస్పేటు ఆసు, ఇస్పేటు అయిదు పరిచాడు, ఫ్లష్. తొమ్మిదులాయనకు ఆ ఏడుతో స్ట్రెయిట్ అయ్యేది, అదీ ఓడిపోయేది. పొరపాటు చేసి బాగుపడ్డవాడు ఆ రాత్రి ఆయనొక్కడే.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చినది, టర్న్ ముక్కను చూశాక నిర్ణయం తీసుకునే వీలు. అలాంటి బోర్డు మీద ఎర్ర రాజులు పట్టుకుంటే, కనబడని 47 ముక్కల్లో పదకొండు ఇస్పేట్లూ, ఇస్పేటు కాని రాణులూ తొమ్మిదులూ ఏడులూ మూడేసి చొప్పున తొమ్మిదీ, మొత్తం ఇరవై చెడ్డ ముక్కలు. ఐదింట రెండు సార్ల కంటే కొంచెం ఎక్కువగానే బోర్డు మన మీద తిరగబడుతుంది. అప్పుడు ఫ్లాప్‌లో వేయని ఆ రెండో బెట్ మన దగ్గరే ఉంటుంది. ఇస్పేటు రాజు మన చేతిలో ఉంటే కథ కొంత వేరు. నాలుగో ఇస్పేటు పడినా మనకు ఆశ ఉంటుంది కనుక నేను అప్పుడు ఆగకుండా ఫ్లాప్‌లోనే రెయిజ్ చేస్తాను.

ఇక లోపాలు. బెట్ వేసేవాడు మనకు సరిగ్గా ముందు కూర్చుని ఉండాలి. నా వెనక ఉన్నవాడు బెట్ వేస్తాడని టర్న్‌లో చెక్ చేసి కూర్చుంటే, వాడూ చెక్ చేసి నలుగురికీ ఉచితంగా ఒక ముక్క పంచిపెట్టిన రాత్రులు నాకు లెక్కలేనన్ని. వాడు బెట్ వేసినా, నా వంతు వచ్చేలోపు మధ్యవాళ్లు ఒక బెట్ కట్టేసి ఉంటారు, ఆ పైన ఇంకొకటి కట్టడానికి వెనకాడరు. రెండో ఏడాది నేను పోగొట్టుకున్నదంతా ఈ ఒక్క తప్పుతోనే.

పైన రెండు ముక్కలు పొంచి ఉండే రాణుల జతతో ఈ పద్ధతి అంతగా అక్కరకు రాదు. ఫ్లాప్‌లో ఆసో రాజో పడే అవకాశం 41 శాతం. జాకీల జతకైతే అంతకన్నా పెద్ద ముక్క 57 శాతం సార్లు పడుతుంది, అప్పుడు ఆగాలా వద్దా అన్న ప్రశ్నే రాదు. ఇద్దరే మిగిలిన ఆటలో కూడా నేను ఆగడం దాదాపు మానేశాను, తరిమేయడానికి మూడోవాడు ఉండడు కదా. ఇద్దరి లిమిట్ ఆటను ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ల సెఫియస్ ప్రోగ్రామ్ దాదాపు పూర్తిగా ఛేదించిందని 2015లో ప్రకటించారు; కాని నలుగురు కూర్చున్న బల్లకు ఆ జవాబులు వర్తించవు.

టర్న్‌లో నేను రెయిజ్ చేశాక నిదానస్తుడైన ఆటగాడు మళ్లీ రెయిజ్ చేస్తే ఏం చేయాలన్నది ఇప్పటికీ నాకు ఇబ్బందే. నాకు మూడో రాజునిచ్చే ముక్కలు 46లో రెండే, రివర్ బెట్ కూడా కట్టి చివరిదాకా వెళ్లడానికి ఇంకో రెండు పెద్ద బెట్లు కావాలి. ఈ మధ్య అలాంటివాడి ముందు, జాకీ, పది, ఎనిమిది లాంటి బోర్డు మీద, రాజులను పారేస్తున్నాను. దూకుడుగా, దేనికైనా రెయిజ్ చేసేవాడైతే మాత్రం చివరిదాకా కాల్ చేస్తున్నాను.