రేడియో కంట్రోల్ మోడళ్లకు ఎలక్ట్రానిక్స్: కట్టుకోవడమా, కొనుక్కోవడమా?

నెల్లూరులోనో ఒంగోలులోనో రేడియో కంట్రోల్ పడవ కట్టాలని కూర్చున్న వారికి ప్లైవుడ్, ఫోమ్ షీటు, ఫైబర్ రెజిన్ సంపాదించడం పెద్ద పని కాదు. చిక్కంతా లోపల పెట్టే ఎలక్ట్రానిక్స్ దగ్గర వస్తుంది. ట్రాన్స్‌మిటర్, రిసీవర్, మోటారు వేగం మార్చే ఈఎస్‌సీ, ఛార్జర్, లైట్లు, పంపు స్విచ్చి అన్నీ సొంతంగా కట్టుకోవచ్చు, అన్నీ కొనుక్కోనూ వచ్చు. చాలామంది ఈ రెంటిలో ఏది చవక అని చూస్తారు. అది చెడిపోయిన నాడు ఏం పోతుందో చూసి తేల్చుకోవడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

ముందుగా ఖర్చు సంగతి. రెండు ఆర్డుయినో నానో బోర్డులు (ప్రోగ్రాము రాసి నడిపించే చిన్న బోర్డులు), రెండు ఎన్‌ఆర్‌ఎఫ్24 రేడియో మాడ్యూళ్లు, జాయ్‌స్టిక్కులు, స్విచ్చులు, ఒక డబ్బా కలిపితే రెండు వేల రూపాయల లోపే తేలుతుంది. ఆరు ఛానెళ్ల (ఆరు వేర్వేరు ఆజ్ఞలు పంపగల) ఫ్లైస్కై కంపెనీ సెట్టు రిసీవరుతో కలిపి సుమారు ఐదు వేలు. తేడా పెద్దదిగానే కనిపిస్తుంది గానీ, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, నకిలీ మాడ్యూలు తగిలితే మళ్లీ కొనే మాడ్యూలు, ఆన్‌లైన్‌లో వచ్చిన భాగం సరిపోక చెన్నై రిచీ స్ట్రీటుకు పెట్టుకునే ఒక ప్రయాణం లెక్కలోకి తీసుకుంటే మొదటి సెట్టు మీద మిగిలేది ఏమీ ఉండదు. మూడో మోడల్ నుంచి మాత్రమే సొంత తయారీ నిజంగా చవక.

ఈ రెండు దారులూ కలిసే చోటు ఒకటుంది. చుక్కాని వంటివాటిని తిప్పే చిన్న మోటారైన సర్వోకు రిసీవర్ పంపే సంకేతం చాలా సరళమైనది: దాదాపు 20 మిల్లీసెకన్లకు ఒకసారి వచ్చే ఒక పల్సు, దాని నిడివి 1 నుంచి 2 మిల్లీసెకన్లు, 1.5 దగ్గర సర్వో మధ్యలో నిలుస్తుంది. కొన్న రిసీవర్ అయినా, ఇంట్లో చేసిన బోర్డు అయినా మాట్లాడేది ఈ భాషే. కాబట్టి కొన్న రేడియో వెనుక సొంత సర్క్యూటునూ, సొంత రేడియో వెనుక కొన్న ఈఎస్‌సీనీ నిశ్చింతగా తగిలించవచ్చు. మొత్తం అటో ఇటో తేల్చుకోవలసిన అవసరం లేదు.

రేడియో లింకు విషయంలో మాత్రం కొన్న సెట్టుదే పైచేయి. మంచి సెట్లు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఒక ఫ్రీక్వెన్సీ నుంచి మరో దానికి నిరంతరం దూకుతూ ఉంటాయి; ఇళ్లలోని వైఫైలు ఒక చోట అడ్డం వచ్చినా మరో చోట ఆజ్ఞ అందుతుంది. ఎన్‌ఆర్‌ఎఫ్24 తనంతట తాను దూకదు, ఆ ప్రోగ్రాం మనమే రాయాలి. అంత శ్రమ ఎందుకని ఇంటర్నెట్‌లో దొరికే ప్రోగ్రాములు చాలావరకు ఫ్రీక్వెన్సీని సూచించే ఛానెల్ నంబరును 100 దాటించి వైఫైకి దూరంగా జరుగుతాయి. ఆ మాడ్యూలులో ఛానెల్ నంబరుకు 2400 కలిపితే మెగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీ వస్తుంది. మన దేశంలో 2005 నుంచి లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతి ఉన్నది 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకే. అంటే 83 దాటిన ఛానెల్ చట్టం బయట ఉంది. ప్రోగ్రామును కాపీ చేసుకునేవారు ముందుగా చూడవలసిన అంకె అదే.

దానికంటే ముఖ్యమైనది ఫెయిల్‌సేఫ్. సంకేతం తెగినప్పుడు మోటారు ఆగిపోవాలి. కొన్న రిసీవర్లలో దీనిని ఒకసారి సెట్ చేస్తే చాలు, సెట్ చేయడం మరచిపోయేవారు ఎక్కువన్నది వేరే సంగతి. సొంత రిసీవరులో ఆఖరి ప్యాకెట్ అందిన సమయాన్ని గుర్తుపెట్టుకుని, అర సెకను దాటినా కొత్తది రాకపోతే థ్రాటిల్‌ను (మోటారు వేగాన్ని) సున్నాకు తెచ్చే నాలుగు ప్రోగ్రాము వరుసలు మనమే రాయాలి. ఆ నాలుగు వరుసలు లేని పడవ చివరి ఆజ్ఞనే పట్టుకుని పోతూ ఉంటుంది. రొయ్యల చెరువులో అయితే అది నేరుగా వెళ్లి తిరుగుతున్న ఏరేటర్ రెక్కల్లో పడుతుంది. పైగా నీటికి జానెడు ఎత్తులో ఉన్న యాంటెన్నాకు నేల మీద కొలిచినంత దూరం అందదు. గట్టు మీద పరీక్షించి తృప్తిపడటం చాలదు, నీటి మీద పెట్టి చూడాలి.

ఇక కరెంటు సరఫరా. సొంత బోర్డులకు తరచుగా దెబ్బ తగిలేది ఇక్కడే. పది రూపాయల 7805 రెగ్యులేటర్ అందరి డబ్బాలోనూ ఉంటుంది. మూడు సెల్లుల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఇచ్చే 11.1 వోల్టులను 5 వోల్టులకు దించేటప్పుడు మిగతా 6.1 వోల్టులను అది వేడిగా మార్చేస్తుంది. సర్వోలు ఒక ఆంపియరు లాగితే ఆరు వాట్లకు పైగా వేడి. హీట్‌సింక్ లేని 7805 రెండు వాట్లు మోయడమే కష్టం. రోహిణి కార్తెలో, మూత బిగించిన పడవ లోపల అది తనను తాను కాపాడుకోవడానికి కరెంటు ఆపేస్తుంది, రిసీవర్ ఆరిపోతుంది. పడవను ఒడ్డుకు తెచ్చి మూత తీసేసరికి చల్లబడి, ఏమీ ఎరగనట్టు మళ్లీ పనిచేస్తుంది. దీనికి బదులుగా తక్కువ వేడితో వోల్టేజీని దించే బక్ కన్వర్టర్ మాడ్యూలు కొనుక్కోవడం మేలు. బ్రష్ మోటారు నడపడానికి ఎక్కువమంది తెచ్చుకునే ఎల్298ఎన్ బోర్డు కూడా ఇలాంటిదే. ఒక ఆంపియరు దగ్గరే రెండు వోల్టులకు పైగా అదే తినేస్తుంది. బ్రష్‌లు లేని మోటారును నడిపే బ్రష్‌లెస్ ఈఎస్‌సీని సొంతంగా కట్టడం చదువు కోసమైతే గొప్ప పనే గానీ, మోడల్ నడవాలంటే కొనుక్కోవాలి. లిపో ఛార్జర్ విషయంలో తర్కమే అక్కరలేదు: సెల్లు 4.2 వోల్టులు దాటితే మంటలు లేవగలవు, ఆ సరదాకు ఇల్లు పణంగా పెట్టనక్కరలేదు.

సొంత తయారీ గెలిచేది రిసీవర్ తర్వాత వచ్చే చిన్న పనుల్లో. పడవ అడుగున చేరిన నీటిని గుర్తించి పంపును తిప్పే స్విచ్చి, లంగరు వేసినప్పుడు వెలిగే దీపాలు, బ్యాటరీ సెల్లు 3.5 వోల్టులకు దిగగానే మోగే బజర్, తెరచాప తాడును లాగే వించికి సరిపడా నెమ్మదితనం వంటివి మన మోడల్‌కు అచ్చంగా కుదిరేలా బజారులో దొరకవు. దొరికినా విదేశాల నుంచి తెప్పించుకోవాలి. వీటిలో ఏది చెడినా పడవ మన చేతుల్లోనే ఉంటుంది. పంపు స్విచ్చిలో కొత్తవారు చేతికందిన, ఎలక్ట్రానిక్ స్విచ్చిలా పనిచేసే ఐఆర్ఎఫ్540 మాస్‌ఫెట్‌ను పెట్టి, నానో పిన్ను ఇచ్చే 5 వోల్టులకు అది సగమే తెరుచుకుని కాలిపోతుంటే ఆశ్చర్యపోతారు. ఐఆర్ఎల్‌జడ్44ఎన్ అయితే 5 వోల్టులకే బాగా తెరుచుకుంటుంది. పేరు మధ్యలో ఆ ‘ఎల్’ అక్షరాన్ని చూసి కొనాలి. పంపు మోటారుకు అడ్డంగా ఒక డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) తప్పనిసరి.

మరమ్మతు విషయంలో రెండు వైపులా బలం ఉంది. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో ఒక సాయంత్రం నడిపితే చాలు, ఉప్పు గాలికి సోల్డర్ చేసిన రాగి మీద వారంలో పచ్చని చిలుము కనిపిస్తుంది. సొంత బోర్డుకు రెండు పూతల గోళ్ల రంగు పూసుకోవచ్చు, చిలుము పట్టిన చోట గీకి మళ్లీ సోల్డర్ చేసుకోవచ్చు. కొన్న రిసీవర్ లోపల తడి చేరితే ఇక్కడ బాగుచేసేవారు అరుదు, కొరియరులో పంపి ఎదురుచూడవలసిందే. అయితే అదురుకు ముందు ఊడేది సొంత బోర్డులోని జంపర్ వైర్లే. సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీద పనిచేసిందని దానినే పడవలో పెట్టేవారికి మరమ్మతు సౌలభ్యం గురించి మాట్లాడే హక్కు లేదు.

విమానాలకు నా తీర్పు వేరు: రేడియో, రిసీవర్ కొనే తీరాలి. పడవ ఆగిపోతే ఈది తెచ్చుకుంటాం, విమానం ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. 2021 డ్రోన్ నిబంధనలు మోడల్ విమానాలనూ వదలవు కాబట్టి, ఎగరేసే ముందు డ్రోన్ల ప్రభుత్వ వెబ్‌సైటైన డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి. దక్షిణాన శ్రీహరికోట ఉన్న ప్రాంతంలో ఇది మొక్కుబడి జాగ్రత్త కాదు.

చెయ్యి ఊరుకోని వారికి మూడో దారి ఒకటుంది: హార్డ్‌వేర్ కొని, అందులో నడిచే ప్రోగ్రామును మన చేతిలోకి తీసుకోవడం. ఎడ్జ్‌టీఎక్స్ అనే ప్రోగ్రాము నడిచే ట్రాన్స్‌మిటర్లు, ఎక్స్‌ప్రెస్ఎల్ఆర్ఎస్ రేడియో లింకు, మోడల్‌ను తానే నడిపే ఆర్డుపైలట్ ఇవన్నీ ఓపెన్ సోర్సువే, అంటే ఎవరైనా చూసి మార్చుకోగలిగినవే. ఇంతకంటే తక్కువ ఖర్చులో, సెన్సర్ల కొలతలు అందుకునే ఐ-బస్ సెన్సర్ పోర్టు ఉన్న ఫ్లైస్కై రిసీవరుకు సొంత నానో బోర్డును తగిలించి, పడవలోని మోటారు వేడినీ బ్యాటరీ వోల్టేజీనీ చేతిలోని ట్రాన్స్‌మిటర్ తెర మీద చూసుకోవచ్చు. ఆ నానో చెడిపోతే తెర మీద అంకెలు ఆగుతాయి, చుక్కాని మాత్రం తిరుగుతూనే ఉంటుంది.